వెనక్కి చూడరాదన్న వైద్యం

బి.ఏ. అనే రెండక్షరాలు మా ఇంట్లో ఇంకా కొత్తగా మెరుస్తున్న ఆ రోజుల్లో, నేను నిద్ర లేస్తూనే అలసిపోయి ఉండేవాణ్ని. యుద్ధకాలపు పంజగుట్ట అది. మా పెంకుటింటికీ అమీర్‌పేటకూ నడుమ బండరాళ్లు, ఈతచెట్లు, గోడ కూలిన ఒక పాత సమాధుల తోట తప్ప మరేమీ ఉండేవి కావు. మా నాయిన సోమాజిగూడలో ఒక దొర బంగళాలో వంటమనిషి. ముప్పయ్యేళ్లుగా దొరల వెనుక, వారి అడుగులో అడుగు వేస్తూ, తన చప్పుడు తెలియనివ్వకుండా నడవడం ఆయనకు అలవాటు. నేను పట్టా తెచ్చుకున్న తరువాత వచ్చిన మొదటి ఆదివారమే, చర్చికి వెళ్లే దారిలో నా పక్కన నడవడం మానేసి నాలుగడుగులు వెనుకబడ్డాడు. 'ఒరేయ్' పోయి 'బాబు' వచ్చింది. నేను వారించలేదు. (వారించవలసింది. కాని దాచడమెందుకు, అప్పుడు నాకది బాగానే ఉండేది.)

ఒక సర్కారీ దఫ్తరులో గుమాస్తాగా చేరాను. ఆరు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. అయిదో నెల చివరలో ఒక మధ్యాహ్నం, సిరా ఆరని ఉత్తరువు మీదనే చెంప ఆనించి నిద్రపోయాను. కళ్లు తెరిచేసరికి పెద్ద గుమాస్తా గారు నా ముఖంలోకి వంగి, కళ్లద్దాలు సవరించుకుంటూ చదువుతున్నారు. "గ్రాడ్యుయేట్ సాబ్, మీ చెంప మీదున్న ఉత్తరువును ఏ దస్త్రంల కట్టమంటరు?" అన్నారు. గదంతా నవ్వింది. నవ్వు ఆగిన తరువాత ఆయన గొంతు తగ్గించి, "ఇంకొక్కపారి కునుకు తీస్తే ఇంటికి పోవుడే, భాయ్," అన్నారు. మా కుటుంబంలో చేతులకు మసి అంటని మొదటి కొలువు అది. మా అమ్మ ఆ మాట విని రెండు రోజులు ఉపవాస ప్రార్థన చేసింది. నేను అమీర్‌పేటలోని హకీం సాబు దగ్గరకు వెళ్లాను.

హకీం సాబు నా నాడి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఎంతసేపటికీ తెరవకపోతే ఆయనకూ నా జబ్బే ఉందేమోనని అనుమానం కలిగింది. చివరికి, "మియా, రోజుకు చాయ్ ఎన్నిమార్లు?" అన్నాడు. ఏడు అన్నాను. "బంద్! పొద్దుగాల నానిన బాదం పదకొండు. ఉసిరి మురబ్బా ఒకటి. మేకకాళ్ల షోర్వా గిలాసెడు. రాత్రి తొమ్మిదికి దీపం బంద్. తెల్లారకముందే లేచి నడువు. ఊపిరి లెక్కపెట్టుకుంట పోవాలె, వెయ్యి దాకా. ఎవ్వనితోటి మాట్లాడొద్దు. వెనక్కి చూడొద్దు. మెడ తిరిగితే ఊపిరి తప్పుతది." నేనంతా కాగితం మీద రాసుకుని, సంఖ్యలు వేసి, గోడకు అంటించాను. మా దగ్గరి డాక్టరు చెప్పిన చేపనూనెను కూడా దానికి చేర్చాను. (రెండు వైద్యాలు ఒకదానితో ఒకటి తగవులాడుకుంటాయని నాకెవరూ చెప్పలేదు, నా కడుపే చెప్పింది.)

మంచు పడే రోజులు. తెల్ల దుప్పటి తల మీదుగా కప్పుకుని బయలుదేరేవాణ్ని. తూర్పు ఇంకా బూడిదరంగులో ఉండేది. బండరాళ్లు పొగమంచులో కూర్చున్న మనుషుల్లా కనిపించేవి. దగ్గరకు వెళితే రాళ్లే, దాటి వెళ్లాక, చూడకపోయినా, మళ్లీ మనుషులే అనిపించేది. నాలుగో రోజున సమాధుల గోడ దగ్గర, నా అడుగుల చప్పుడు కొంచెం మందంగా వినిపించింది. ఒక అడుగు వేస్తే ఒకటిన్నర అడుగు వేసినట్లు. ఆగాను. అది ఆగింది. నడిచాను. అది నడిచింది. ఊపిరి లెక్క మూడువందల పన్నెండు దగ్గర రెండుసార్లు తప్పింది. వెనక్కి చూద్దామంటే వైద్యుడి ఆజ్ఞ. పరుగెత్తుదామంటే చదువుకున్నవాడినన్న గౌరవం. ఆ తరువాత ప్రతి ఉదయమూ అది అదే గోడ దగ్గర నన్ను కలుసుకునేది. ఒకనాడు అతి సమీపంలో ఎవరో దగ్గును మింగిన చప్పుడు. ఇంటికి వచ్చి, గోడ మీది కాగితంలో 'వెనక్కి చూడొద్దు' అన్న మాట కింద రెండు గీతలు గీశాను. విచిత్రమేమిటంటే దఫ్తరులో కునుకు రావడం లేదు. (అంత భయపడినవాడికి ఎలా వస్తుంది?)

ఆ వారాంతంలో, పాలు పోసే అక్క గడపలో చెంబు దించుతూ మా అమ్మతో అంటోంది: "అమ్మా, గా సమాధులకాడ తెల్ల దయ్యం తిరుగుతుంది. నేను నా కండ్లతోటి చూసిన. నోట్లె పొగలు ఇడుసుకుంట, ఇంగ్లీషుల లెక్కవెడుతది! ఎనుకటి దొరదే అయితది."

లోపల బాదంపప్పు నములుతున్న నేను ఆగిపోయాను. వన్, టూ, త్రీ అని పైకి లెక్కపెట్టేది నేనే! సిగ్గు, ఆ వెంటనే గొప్ప ఊరట. నన్ను భయపెట్టినదేదో నా ప్రతిధ్వనే అయి ఉంటుందని నవ్వుకోబోయాను.

"ఒక్కటైతే ఫికర్ లేకుండె," అంది పాలక్క. "రెండున్నయ్. ముందటిది లెక్కవెడుతది. ఎనుకది ఏం మాట్లాడది. దాని అడుగులల్లనే అడుగేస్తది."

నడకే మానేద్దామా అనుకున్నాను. కాని ఖాయం చేసే రోజు ఇంకా పక్షం దూరంలో ఉంది. నడక మానిన మర్నాడే చెంప మీద ఉత్తరువు అచ్చవుతుందని నా నమ్మకం. మరునాటి ఉదయం ప్రార్థన చేసుకుని బయలుదేరాను. గోడ వచ్చింది. అడుగు వచ్చింది. నాలుగువందలు, నాలుగువందల ఒకటి. వైద్యం చెడితే చెడనీ అనుకుని గిరుక్కున తిరిగాను.

నాలుగడుగుల దూరంలో, తెల్ల దుప్పటి ముసుగులో, ముఖం లేని ఆకారం ఒకటి నిలబడి ఉంది. దాని గుండెల దగ్గర నుంచి సన్నగా ఆవిరి లేస్తోంది.

"ఎందుకు చూసినవ్ బాబూ?" అంది అది, ఎంతో బాధగా. "చూడొద్దని హకీం సాబు చెప్పలే?"

మా నాయిన! దుప్పటి కింద, గుడ్డ చుట్టిన షోర్వా తపేలా.

"యాడనన్న సోలిపడతవేమోనని," అన్నాడు తల వంచుకుని. బంగళాలో పని రాత్రి పదికి గాని ముగియని మనిషి నాలుగింటికి లేచి, షోర్వా కాచి, పనికి పోయాడని నేననుకుంటుంటే నా వెనుక నడిచి, మళ్లీ పనికి పోతున్నాడు. నేనాయన ముఖం చూశాను. నా అలసట అంతా అక్కడ ఉంది.

"పక్కన నడువు నాయినా," అన్నాను. సరేనన్నాడు. పది అడుగులు వచ్చాడు. పదకొండో అడుగుకు, తనకే తెలియకుండా వెనుకబడ్డాడు.

ఉద్యోగం ఖాయమైంది. బాదమా, మురబ్బానా, షోర్వానా, ఏది పని చేసిందో ఈనాటికీ తేల్చుకోలేదు. నాయిన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటి నా అలసట వయసుది, దానికి నడకే మేలని ఈ కాలపు డాక్టర్లూ అంటారు. కనుక నడుస్తాను, ఇంగ్లీషులోనే లెక్కపెడతాను. మూడువందలు దాటాక కొన్ని ఉదయాలు నా అడుగు కొంచెం మందంగా వినిపిస్తుంది. అప్పుడు వేగం తగ్గిస్తాను, వెనుక వచ్చేవారికి ఆయాసం కలగకూడదు కదా. తిరిగి మాత్రం చూడను. హకీం సాబు వద్దన్నాడు.