ఖయ్యూం భాయ్ జేబులో సీసా

ఖయ్యూం భాయ్‌ని ఏదడిగినా ఒకటే జవాబు: “రేపు చెప్త.” ఆయనకు ఇవాళ తెలిసే సంగతి ఈ లోకంలో ఏదీ లేదు.

ఈ జబ్బు నీళ్ల పరీక్షతో పట్టుకుంది. ధర్మపురిలో పనిలేని పెద్దమనుషులం కొందరం వాలంటీర్లుగా చేరినం. గోదావరి రేవు నీళ్లు, ఊళ్లో బోర్ల నీళ్లు మందున్న చిన్న సీసాల్లో పట్టి, ఒక రోజు వెచ్చగా ఉంచాలె. నల్లబడితే మురికి కలిసినట్టు. మేం సీసాను అల్మారాలో పెట్టి మరిచిపోయేవాళ్లం. ఖయ్యూం భాయ్ చొక్కా జేబులో, గుండెకు ఆనించి పెట్టుకుని తిరిగేటోడు.

“నాకు జ్వరమొస్తే నుదురు ముట్టి చూడలే. సీసాకు చలి పెడ్తదని శాలువ కప్పుకున్నడు!” అని ఆయన భార్య నసీమా భాభీ మొత్తుకునేది.

ఆ ఒక రోజు ఆగుడు ఆయన ఒంటికే అంటుకుంది. భైంసాలో మేనకోడలి పెళ్లి. “పెళ్లికొడుకు నచ్చిండా భాయ్?” అని వియ్యంకుడు అడిగిండు.

“జర ఆగుండ్రి, రేపు చెప్త.”

“నిఖా అయిపోయింది భాయ్, ఇంక రేపేంది!”

ఒకసారి రేవు దారిలో తారాబాయి ఇడ్లీ హోటల్ సంపు నీళ్లు పట్టిండు. రంగేందో మా వాట్సాప్ గ్రూపులో పెట్టాలె. అందులో పడితే ఊరంతా చదువుతుంది. ఆ హోటల్ తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు.

“రంగేంది భాయ్?” తెల్లారి గ్రూపు పెద్ద హనుమండ్లు అడిగిండు.

“రేపు చెప్త.”

ఆ రేపూ అదే మాట. “ఏం భాయ్, నీ సీసాకు తెల్లారుతలేదా?” అని హనుమండ్లు గరమైండు. ఖయ్యూం భాయ్ మాత్రం పొద్దుందాక హోటల్లోనే ఉంటుండు. ఇడ్లీలకు అమ్ముడుపోయిండని నేను తేల్చేసిన. ఇన్ని పుస్తకాలు చదివిన నాకు ఆ మాత్రం తెలియదా!

దొరకబట్టుదామని పోయిన. హోటల్ వెనుక సంపులోంచి తెల్లటోపీ ఒకటి పైకి లేచింది. కింద ఖయ్యూం భాయ్, ప్యాంటు మోకాళ్ల మీదికి మడిచి, మురికి మోరీ దిక్కు గోడ పగులుకు సిమెంటు మెత్తుతుండు. బ్లీచింగు వాసన గుప్పుమంది.

“అన్నా, గా మూలకు ఇంక పాకురున్నది!” పైనుంచి తారాబాయి.

“కనవడ్తుంది చెల్లె, జర ఆగు!”

ఆమె నా దిక్కు తిరిగి, వాకిట్లో క్యాన్లు చూపించింది. “సీసా నల్లబడ్డ కాన్నుంచి సంపు నీళ్లు చుక్క ముట్టనిస్తలేడు. నీళ్లన్నీ అన్న ఇంటియే.”

సంపు నిండినంక మళ్లీ సీసా పట్టిండు. నల్లబడలే. గ్రూపులో పెట్టిండు: ‘తారాబాయి హోటల్ నీళ్లు మంచిగున్నయి.’

ఆ పొద్దు అందరం ఆ హోటల్లోనే ఇడ్లీలకు కూసున్నం. “మరి మొదటి సీసా ఏ రంగు?” హనుమండ్లు వదలలేదు.

ఖయ్యూం భాయ్ ఖాళీ జేబు తడుముకున్నడు. “రేపు చెప్త.”

హనుమండ్లు నా దిక్కు చూసిండు. నేను ఇడ్లీ దిక్కు చూసిన.