అమ్మ ఎత్తించిన హ్యాండిల్

పోయిన నెల ఢిల్లీలోని ద్వారకాలో సైకిలు కొందామని ఒక దుకాణంలో అడుగు పెట్టగానే కొత్త టైర్ల రబ్బరు వాసన, దాని వెనకాలే సన్నగా గ్రీజు వాసన ముక్కుకు తగిలాయి. నచ్చిన సైకిలెక్కి చూస్తే హ్యాండిల్ ఎక్కడో కింద ఉంది. ఎత్తమన్నాను. "మేడమ్, ఆజ్‌కల్ సబ్ ఐసే హీ చలాతే హై," అన్నాడు అమ్మే అతను. అందరూ వంగి తొక్కితే నేనూ వంగాలా? గంటసేపు అక్కడే నిలబడి, అదనపు ముక్క ఒకటి తెప్పించి వేయించుకుని, నడుము నిటారుగా పెట్టి ఇంటిదాకా తొక్కుకుంటూ వచ్చాను. ఈ మొండితనం నా సొంతం కాదు, మా అమ్మది.

అమ్మ నర్సు. నర్సాపురం దగ్గర పల్లె నుంచి ఢిల్లీ వచ్చి ప్రభుత్వాసుపత్రిలో చేరింది. ఆర్.కె. పురంలో మేమున్న రెండు గదుల క్వార్టరు ఆవిడ పేరు మీదే ఉండేది. చలికాలం మధ్యాహ్నాలు క్వార్టర్ల మధ్య పచ్చికలో ఎండకు వీపు పెట్టి పంజాబీ ఆంటీలు స్వెట్టర్లు అల్లుతుంటే, మేం జేబుల నిండా వేయించిన వేరుశనక్కాయలు పోసుకుని, ఏడుపెంకులాటని అక్కడి పిల్లల్లాగే పిట్టూ అని పిలుస్తూ, ముక్కులు ఎర్రబడేదాకా ఆడేవాళ్లం. డిసెంబరు వచ్చిందంటే క్రిస్మస్ పిండివంటలకి మా పొయ్యి మీంచి నూనె మూకుడు దిగేది కాదు. గులాబీ పువ్వులు, కజ్జికాయలు, చక్కిలాలు డబ్బాలకెత్తి అంతస్తు అంతస్తుకీ పంచి రావడం నా పని, ఆ డబ్బాలు తిరిగొచ్చేటప్పుడు వాటిలో నువ్వులు, బెల్లంతో చేసే గజక్ ఉండేది. నాన్న సాయంత్రాలు హార్మోనియం ముందు కూర్చుని ఆదివారం ప్రార్థనలో పాడే పాటలు సాధన చేసుకునేవారు. ఎవరికీ ఎదురు చెప్పడం ఎరగని మనిషి.

నాకు పదమూడేళ్లప్పుడు సైకిలు కొన్నారు. అప్పట్లో అందరూ మోజుపడే తిన్నటి హ్యాండిలు, నీలం రంగు. స్కూలుకి దాని మీదే వెళ్లేదాన్ని. ఆ వయసులో ఒంట్లో వస్తున్న మార్పులకి నాకు ఒకటే సిగ్గు. నడిస్తే పుస్తకాలు గుండెలకి అదుముకుని నడిచేదాన్ని, సైకిలెక్కితే హ్యాండిల్ మీదికి ముడుచుకుపోయేదాన్ని. మణికట్లు నొప్పి పుట్టేవి, అయినా ఎవరి కళ్లూ పడకుండా ఉంటే చాలనుకునేదాన్ని. అమ్మ ఒకరోజు బాల్కనీలోంచి చూసింది.

"ఏంటే ఆ గూని? మంచాల మీద వంగీ వంగీ నా నడుం పోయింది. నీకేం ఖర్మే వంగటానికి?"

అప్పటికప్పుడు నన్నూ సైకిలునీ వేపచెట్టు కింద సైకిళ్లు బాగుచేసే చాచా దగ్గరికి నడిపించింది. ఆయన పానాతో బోల్టు వదులు చేసి, సుత్తితో దాని నెత్తిన ఒక్కటిచ్చి, హ్యాండిల్‌ని పైకి లాగాడు. లోపలి గొట్టం మీదున్న గీత చూపించి, అది దాటితే ప్రమాదమని చెప్పి, గీత దాకా ఎత్తి బిగించాడు. ఎత్తాక ఒకడుగు వెనక్కి వేసి చూసి, "దూధ్‌వాలే కీ సైకిల్ లగేగీ, దీదీ," అన్నాడు. పాలవాడి సైకిల్లా ఉంటుందట.

"లగ్‌నే దో, భయ్యా," అంది అమ్మ, ఉంటే ఉండనీ అన్నట్టు.

మొదటి రెండు రోజులు నాకు రోడ్డంతా కొత్తగా కనిపించింది. తల ఎత్తి చూస్తే బస్సుల్లో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ల మొహాలు, అమల్తాస్ చెట్లకి వేలాడే పసుపు పూలు కనిపించేవి. మూడో రోజు నుంచి "దూధ్‌వాలీ ఆయీ" అని క్లాసులో కేకలు మొదలయ్యాయి. ఆ ఆదివారం పెద్దంకుల్ మా ఇంటికొచ్చారు. ఆయన మా పై అంతస్తులో ఉండేవారు, మా తెలుగువాళ్ల ప్రార్థన కూడికలకి పెద్ద.

"ఆడపిల్ల అలా విరుచుకుని బజారు మధ్యలోంచి పోతంటే ఏం బాగుంటది సిస్టరూ? బస్సులో పంపండి."

"విరుచుకోక వంకర్లు పొమ్మంటారా అండీ? టీ చల్లారిపోతంది, తాగండి," అంది అమ్మ.

నేను అమ్మంతటిదాన్ని కాదు. ఆవిడ డ్యూటీకి వెళ్లిన ఒక మధ్యాహ్నం, మంచం కింద పెట్టెలోంచి పానా తీసి, చాచా చేసినట్టే చేసి హ్యాండిల్‌ని అడుగుకంటా దించేశాను. దించడం వచ్చింది గానీ గట్టిగా బిగించే బలం నా చేతుల్లో లేదు. మార్కెట్ దగ్గర పల్లంలో మలుపు తిప్పితే హ్యాండిల్ తిరిగింది, చక్రం తిరగలేదు. కింద పడ్డాను, రోడ్డు పక్క గట్టు అంచు తగిలి గడ్డం చీలింది. అమ్మ ఆసుపత్రిలోనే నాలుగు కుట్లు వేశారు.

హ్యాండిల్ మెలితిరిగిపోయి ఉంది, అది పైన ఉందా కింద ఉందా అని చూసేదెవరు? "నే చెప్పలేదా, ఎత్తుగా పెట్టిస్తే తూకం తప్పి పడింది," అన్నారు పెద్దంకుల్. "ఎందుకొచ్చిన గొడవే, సైకిలు ఎవరికన్నా ఇచ్చేద్దాం," అన్నారు నాన్న. ఎవరికైనా దీటుగా జవాబిచ్చే మా అమ్మ ఆ రోజు నా గడ్డం పట్టుకుని, "ఇది నేనే చేసుకున్నాను," అంది మెల్లగా.

ఆ మాట తట్టుకోలేకపోయాను. అమ్మ వంటింట్లో బియ్యం కడుగుతుంటే వెనకాల నిలబడి చెప్పాను. "నేనే దించానమ్మా. ఎవరికీ చెప్పకు."

నీళ్లు వంపేసి మళ్లీ పోసుకుంది. చాలాసేపు బియ్యం కడిగింది. "సరే, చెప్పను. రేపు హ్యాండిల్ మాత్రం పైకే పోద్ది."

పోయింది. సైకిలు ఇచ్చే మాటే లేదని నాన్నతో కచ్చితంగా చెప్పింది. కాలేజీలో చేరేదాకా అలాగే నిటారుగా తొక్కాను. కానీ నింద అమ్మ మీద ఉండిపోయింది. ప్రతి క్రిస్మస్‌కీ మా ఇంట్లో చేరినవాళ్లలో ఎవరో ఒకరు, "సువార్తమ్మ గారి మొండితనానికి పిల్ల గడ్డం పగిలింది," అని నవ్వడం, అమ్మ కూడా నవ్వి పళ్లెం ముందుకు జరపడం, నేను కజ్జికాయ నములుతూ తల దించుకోవడం. అంత పిరికిదాన్నయినందుకు ఇప్పటికీ నా మీద నాకు మంటే.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు, కొట్టేసి టవర్లు కడుతున్నారు. చాచా లేడు, ఆయన కూర్చున్న చోటు రోడ్డు వెడల్పులో పోయింది. డబ్బాలు పంచుకునే ఇరుగుపొరుగు లేదు, ద్వారకాలో మేముండే టవర్లో ఎదురింటివాళ్ల పేరు కూడా నాకు తెలియదు. నాన్న ముందే వెళ్లిపోయారు, అమ్మ పోయి రెండేళ్లయింది. మొన్న ఆదివారం ఆవిడ జ్ఞాపకార్థం మా ఫ్లాట్‌లో కూడిక పెట్టాం. ఎనభై దాటిన పెద్దంకుల్‌ని వాళ్లబ్బాయి ఘజియాబాద్ నుంచి కారులో తీసుకొచ్చాడు. ఆయన లేచి అమ్మ ఎంతమంది రోగులకి సేవ చేసిందో ఎంతో ప్రేమగా చెప్పారు. చివర్లో, "మొండితనం ఒక్కటేనండి ఆవిడ లోపం. సైకిలు హ్యాండిల్ ఎత్తించి ఈ పిల్ల గడ్డం..." అన్నారు. అందరూ మెత్తగా నవ్వారు.

నేను లేచి నిలబడ్డాను.

"ఎత్తినందుకు పడలేదు అంకుల్. మీ మాటలకి సిగ్గేసి నేనే దించుకున్నాను, అందుకు పడ్డాను. అమ్మకి తెలుసు. నేను చెప్పొద్దన్నానని పోయేదాకా ఎవరికీ చెప్పలేదు."

"పోనీలే అమ్మా, ఇప్పుడవన్నీ ఎందుకు, కూర్చో," అన్నారాయన.

నేను కూర్చోలేదు. మొదటినుంచీ మొత్తం చెప్పాను.