నేను కొట్టిన గండి

నా చిన్నప్పుడు మేం గోదారి మధ్య లంకలో పాక వేసుకుని ఉండేవాళ్ళం. ఆ ఏడు వరద తగ్గిపోయి, నది గట్టుకి బాగా కిందికి దిగిపోయింది. ఆ వెంటనే ముసురు పట్టింది. కంద చేలో నీళ్ళు నిలిచాయి. నీళ్ళు నిలిస్తే కంద కుళ్ళిపోతుంది. ఏడాదంతా మా తిండికి ఆధారం ఆ కందే.

నీళ్ళు పోవడానికి మా తాతయ్య తవ్విన బోదె ఒకటి ఉండేది. చేను చుట్టూ వంకర్లు తిరిగి, ఎక్కడో దిగువన నదిలో కలిసేది. అందులో నీళ్ళు నడుస్తున్నాయో లేదో కూడా తెలిసేది కాదు. నాకు విసుగొచ్చింది. పెద్దవాళ్ళు గడ్డి కోతకి వెళ్ళినప్పుడు పార తీసుకుని, చేలోంచి నదిలోకి తిన్నగా గండి కొట్టాను. పది అడుగుల దూరం. నీళ్ళు ధబధబా దూకాయి. గొప్ప పని చేశాననుకున్నాను.

వాన ఆగలేదు. లంక మీది నీళ్ళన్నీ ఆ దారే పట్టాయి. తెల్లారేసరికి గండి చేలోకి పాకి, మా పాక వైపు తిరిగింది.

"ఏంటే ఇది?" అన్నాడు తాతయ్య.

"నీళ్ళు పోవాలని, తాతా."

"పోతాయిలే. చేనుని కూడా వెంటబెట్టుకుని పోతాయి."

కొడతాడేమోనని నిలబడ్డాను. కొట్టలేదు. చూరు కింద తడి మట్టి కుప్ప చేసి, వేలితో ఒక గీత తిన్నగా, ఒక గీత వంకరగా గీసి, రెండింట్లోనూ చెంబుతో నీళ్ళు పోశాడు. తిన్నటి గీత లోతుగా కోసుకుపోయింది. వంకర గీతలో మట్టి కదల్లేదు.

తాతయ్య వయసులో ఉండగా పడవల మీద పట్టిసీమ దాటి కొండల్లోకి వెళ్ళినవాడు. "అక్కడ గోదారికి వాలెక్కువే. కిందకి కోసుకుంటూ పోతుంది, ఇరుకు, లోతు. ఇక్కడ వాలు లేదు గనక వెడల్పుగా పడుకుని మన్ను దింపింది. ఆ మన్ను మీదే మన పాక. నువ్వు నీళ్ళకి కొండ వాలు చూపించావు."

నాన్నా ఆయనా గండికి అడ్డంగా తాటి మొద్దులు మెట్లలా దింపారు. పాకకి రెండు బారల దూరంలో కోత ఆగింది. అప్పటికి చేను సగం గోదారిలో ఉంది.

అమ్మ మిగిలిన కంద ఉడకబెట్టి పెట్టింది. తిన్నాను. ఉప్పు వేసిందో లేదో తెలియలేదు. ఏడుపు రాలేదు. ఇప్పటికీ ఆ చేను తలుచుకుంటే ఏమీ అనిపించదు. కానీ ఎక్కడ నీళ్ళు కదిలినా ముందు వాలు చూస్తాను.

మొన్న మా వీధిలో ఎస్టీడీ బూతు ముందు మురుగు కాలువ తవ్వుతుంటే వెళ్ళి, వాలు ఎంత పెడుతున్నారని అడిగాను.

"మీకెందుకండి మామ్మగారూ, ఎండలో," అన్నాడు మేస్త్రీ.

చెప్పేదాకా అక్కణ్ణించి కదల్లేదు.