పెద్దప్ప కారులో అయిదు తలల సామి

ఆ రోజుల్లో మా బళ్లారి పక్క ఊళ్లలో కారున్న ఇల్లంటే డబ్బున్న ఇల్లని కాదు, కారు తోయడానికి మనుషులున్న ఇల్లని అర్థం. మా ఊళ్లో ఒకే ఒక్క కారు ఉండేది, అది పెద్దప్పది. (నాకు ఆయన చుట్టమేమీ కాదు. ఊరికి పెద్ద రైతు కాబట్టి అందరికీ పెద్దప్పే.) సండూరు గనుల్లో పనిచేసిన దొర ఒకడు వెళ్లిపోతూ అమ్మిన పాత కారు అది. దాన్ని నడిపేవాణ్ణి నేను. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. మైలురాయి మీద ఏం రాసుందో తెలియదు గానీ, ఇంజను చప్పుడు వింటే చాలు దాని కడుపులో ఏముందో చెప్పేస్తానని గొప్పలు పోయేవాణ్ణి. నా ఖాకీ చొక్కా చూసి హగరి ఏటి పక్క రైతు ఒకాయన తన కూతుర్నిస్తానన్నాడు. ఆ పిల్లను అంతకుముందే ఒకసారి దూరం నుంచి చూశాను. శనగ చేనులో కొంగు నడుముకు దోపుకుని, పైరులో పడిన పక్కింటి ఎద్దును, దాన్ని వదిలిన మనిషిని కలిపి తిడుతోంది. ఆ తిట్లు నాకు ఎంత నచ్చాయంటే, చేసుకుంటే ఈమెనే చేసుకోవాలని ఆ గట్టు మీదే తేల్చుకున్నాను.

శుక్రవారం మంచిరోజని, మాట ఖాయం చేసుకోవడానికి కాబోయే మామ మా ఊరు వస్తానన్నాడు. హగరి పక్కనున్న వాళ్ల ఊరి నుంచి ఆయన్ను ఎక్కించుకు రమ్మని పెద్దప్ప కారిచ్చి పంపాడు. ఆయన ఎక్కిన కాసేపటికే ఇంజను మిస్సింగ్ కొట్టడం మొదలుపెట్టింది. కొంతదూరం బాగా పోతుంది, ఉన్నట్టుండి దగ్గి ఎగిరి పడుతుంది. అట్లా ఎగిరినప్పుడల్లా మామ తలపాగా పైకప్పుకు తగులుతోంది. ఊరు ఇంకా కనబడకముందే ఆయన ఆపమని దిగిపోయాడు.

"నేను నడిచే వస్తాలేప్పా. దీనికి మూర్ఛరోగం ఉండాది."

"ఎప్పుడూ ఇట్ల చేయదు మామా, అప్పుడప్పుడే..."

"మూర్ఛరోగం అప్పుడప్పుడే వస్తాది. దీన్ని నమ్ముకోని నీ కొలువు, నీ కొలువును నమ్ముకోని నేను పిల్లనియ్యాల్నా? బాగు చేయించు. వచ్చే శుక్రవారం మళ్ల ఎక్కుతా. అప్పుడూ ఎగిరిందంటే పిల్లకు ఇంగ యాడన్నా చూసుకుంటా."

మర్నాడే బళ్లారి బ్రూస్‌పేటకు, సాయిబు మేస్త్రీ దగ్గరికి పరుగెత్తాను. దారి పొడుగునా ఆ కారు బుద్ధిమంతురాలైన కోడలి మాదిరి నడిచింది. మేస్త్రీ చెవి పెట్టి విని, "గాడీ ఏక్‌దమ్ బాగుండాది భాయ్, నీకే ఏమన్నా జ్వరమేమో చూపించుకో" అన్నాడు. నేను కాళ్లు పట్టుకున్నంత పని చేస్తే ప్లగ్గులు గీకాడు, కార్బరేటర్ ఊదాడు, పెట్రోలు గుడ్డలో వడకట్టాడు. ముట్టనిది ఒక్కటే, ప్లగ్గులకు కరెంటు పంచే నల్ల మూత. డిస్ట్రిబ్యూటర్ మూత అంటారు దాన్ని. దాని నెత్తి మీదినుంచి అయిదు లావు తీగలు లేచి ఉంటాయి. దాని నిండా పసుపు, కుంకుమ దట్టంగా పట్టి ఉన్నాయి. మా పక్క నాగలికీ, తక్కెడకూ, కుట్టు మిషనుకూ పసుపు పెడతారు కాబట్టి ఎవరికీ అది వింత కాదు. "దేవుని జాగా, మనకెందుకప్పా" అని మేస్త్రీ మర్యాదగా దాని చుట్టూ పనిచేశాడు. నేను కూడా దానికొక దండం పెట్టి బానెట్ మూశాను. (రోగం మొహాన బొట్టు పెట్టుకుని కూర్చుంటే ఇద్దరమూ దండాలు పెట్టి వచ్చామన్నమాట.)

మళ్లీ శుక్రవారం వచ్చింది. భయంతో ఇంకా తెల్లవారకముందే షెడ్డుకు వెళ్లాను. అక్కడ పెద్దప్పను కన్న అవ్వ బానెట్ ఎత్తి, చెంబుతో ఆ మూత మీద పాలు పోస్తోంది.

"అవ్వా, ఏం చేస్తాండావు?"

"కండ్లు ల్యావా నీకు? అయిదు తలల నాగప్ప లోపల కూసోనుంటే, మీరు పైనెక్కి ఊర్లు తిరుగుతాండారు. శుక్రవారం శుక్రవారం నేనన్నా ఇన్ని పాలు పోస్తాండా కాబట్టి బతికినారు."

ముందుకెళ్లి, ఇంజను లేపే హ్యాండిలు తిప్పాను. ఇంజను దగ్గింది. ఆ మసక చీకట్లో, తడి పసుపు మీద నీలం నిప్పు ఒక తీగ నుంచి ఇంకో తీగకు చుర్రుమని పాకింది.

"నాలిక తీసినాడప్పా! నా చేతి పాలు తాగినాడు!" అవ్వ మోకాళ్ల మీద కూలబడింది.

నాకూ దర్శనమైంది. కరెంటు ప్లగ్గులకు పోకుండా తడి మీద తిరుగుతోంది. శుక్రవారం తడి, శనివారానికల్లా బళ్లారి ఎండకు పొడి. మేస్త్రీ దగ్గర రోగం ఎట్లా కనబడుతుంది!

పెద్దప్పను లేపి చెప్పాను. ఆయన దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. "అమ్మకు నువ్వే చెప్పు."

"మీ అమ్మ కదా పెద్దప్పా?"

"అందుకే నువ్వు చెప్పాల."

అప్పటికే అవ్వ కేక విని షెడ్డు ముందు ఆడవాళ్లు పాల చెంబులతో నిలబడ్డారు. సాయంత్రం మామ వస్తాడు. ఆ తిట్టే పిల్ల నా కళ్ల ముందు మెదిలింది. నోటికొచ్చింది చెప్పాను: "అవ్వా, సామి నాలిక ఎందుకు తీసినాడు? దప్పికై! కింద ఇంజను మండుతాంటే పైన ఎట్ల కూసుంటాడు? చల్లని జాగా చూపియ్యాల."

అవ్వ చెంబు కింద పెట్టింది. "నిజమే. తుళసి కట్ట మీద పెట్టు. నా కొడుక్కు ఇంత బుద్ధి ల్యాకపాయె."

తీగలతో సహా మూత ఊడదీసి కట్ట మీద కూర్చోబెట్టాను. ఆడవాళ్లంతా అటు కదిలారు. నేను సైకిలెక్కి బ్రూస్‌పేట పోయాను. మేస్త్రీ విని, తల పట్టుకుని నవ్వి, మూలన పడున్న కారు నుంచి మూత, తీగలు తీసిచ్చి, "దీనికి పూజ చేస్తే నా దగ్గరికి రావద్దు" అన్నాడు.

సాయంత్రం మామ తలుపును రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. హగరి దాటాం. కారు ఎగరలేదు. ఊరు వచ్చింది, ఎగరలేదు. ఆయన అనుమానంగా, "ఇది అదే కారేనా? సండూరు దోవన ఎత్తు ఎక్కించు" అన్నాడు. ఎక్కించాను. దిగి నిలబడి, "కారుకు బాగైంది. పిల్లనిస్తా. నీకేం రోగముండాదో అదే కనుక్కుంటాది" అన్నాడు.

పెళ్లయిన కొన్నాళ్లకు పెద్దప్పను రైలెక్కించి తిరిగి వస్తుంటే, మొదటిసారి కారులో నేనూ నా పెళ్లామూ ఇద్దరమే ఉన్నాం. ఆమె ముందు సీట్లో నా పక్కన కూర్చుంది. కొంచెం దూరం పోయాక అంది: "మీ కారు ఎగిరెగిరి పడతాదని, గట్టిగ పట్టుకోని కూసోవాలని మా నాయన చెప్పిండె. ఏందిది, ఊరికే పోతాంది?"

నాకు రోషం వచ్చింది. ఎందుకు ఎగరడం లేదో ఊరు చేరేదాకా చెప్పాను. ప్లగ్గులు, మూత, తడి, నిప్పు, అన్నీ ఒకటి వదలకుండా విప్పి చెప్పాను. ఆమె కిటికీ పక్కకు తిరిగి చేలు చూస్తూ కూర్చుంది. ఇంజను చప్పుడు వింటే అన్నీ తెలుస్తాయన్న ఆ మొనగాడికి, పక్కనున్న పిల్ల పట్టుకోవాలనుకున్నది తలుపును కాదని అర్థమయ్యేసరికి ఇంట్లో ఇద్దరు పిల్లలు పాకుతున్నారు.