దండ వేసిన సర్వరు

మా డెయిరీ మదనపల్లె ఆఫీసులో రెండు సర్వర్లు ఉన్నాయి. ఒకటి మేం ప్రయోగాలు చేసుకునే టెస్ట్ మెషిను, రెండోది అసలుది. పశువుకు బాగాలేదని రైతు ఫోన్ చేస్తే, ఆ కబురును పుంగనూరు, కుప్పం డాక్టర్లకు చేరవేసే ప్రోగ్రాం, మా భాషలో జాబ్, అసలుదాని లోపల దానంతటదే నడుస్తూ ఉంటుంది. అది ఆగకుండా చూడడం నా ఉద్యోగం. కంటికి కనపడని పని కాబట్టి, నేను ఊరికే జీతం తీసుకుంటున్నానని మా ఓనరుగారి గట్టి నమ్మకం.

ఆయుధపూజ నాడు యంత్రం నడవకూడదని ఆయన పట్టు. అందుకని ఏటా టెస్ట్ మెషిన్‌నే ఆపి, కుంకుమ పెట్టి దండ వేయించేవాణ్ణి. ఏ పనీ చేయనివాళ్ళకు సన్మానాలు మా ఆఫీసులో కొత్త కాదు. పోయినేడు మాత్రం అసలుదానికి పూజ తప్పడం ఓనరుగారి మనసు ఒప్పలేదు. పొద్దున్నే స్వయంగా స్విచ్ ఆపి, గుమ్మడికాయతో దిష్టి తీశారు.

నేను నా బండికి నిమ్మకాయలు తొక్కించుకుని మధ్యాహ్నం వచ్చేసరికి ఆఫీసు ఫోన్ మోగుతోంది. పుంగనూరు పక్క పల్లెలో ఆవులు మేపుకునే ఆవిడ.

“ఆవు ఈనలేక పడిపోయుండాదప్పా. డాక్టరు వస్తాండాడని పొద్దున మెసేజి వచ్చింది. యాడుండాడు?”

రైతు ఫోన్ అందగానే ఆ మెసేజి పంపేది బయటి కంపెనీ మెషిను. వాళ్ళకు పూజ లేదు. డాక్టరుకు నేనే ఫోన్ చేశాను.

“ఈ పొద్దు ఒక్క కేసూ రాలేదప్పా, దేవుడి దయ,” అన్నాడాయన. విషయం చెప్పగానే పరుగెత్తాడు.

ఆవు దక్కింది, దూడ దక్కలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి ఓనరుగారికి చెప్పాను.

“ఆవన్నా దక్కిందంటే పూజ బలమే,” అని నా చేతిలో అరటిపండు పెట్టారు.

మెషిను ఆన్ చేశాను. డాక్టరు కేసు ముగిసిందని నమోదు చేయగానే జాబ్ తన పని తాను చేసింది, సేవ ఎలా ఉందని రైతును అడిగింది. సాయంత్రం ఆవిడ మళ్ళీ ఫోన్ చేసింది.

“సేవ నచ్చితే ఒకటి, నచ్చకపోతే రెండు నొక్కమని వచ్చిందప్పా. దూడను పూడ్సి ఇప్పుడే వస్తి.”

“రెండు నొక్కమ్మా,” అన్నాను.

“ఒకటి నొక్కేసినా. డాక్టరు మంచోడు, పాపం.”

ఆ ఒకటిని అందరికీ చూపించి, ఈ ఏడు ఓనరుగారు అసలుదానికి రెండు దండలు తెప్పించారు.