చింతపండుతో తోమిన చక్రవర్తి

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినాలి. మా ఇంట్లో అదే పద్ధతి.

కరోనా తగ్గాక షార్జా వెళ్లి, పదహారు వందల ఏళ్ల నాటి రోమన్ కంచు నాణెం ఒకటి కొన్నాను. అది చొక్కా గుండీ అంత, నేను చెప్పుకున్న గొప్పలు మూడు ఎమిరేట్లంత. చిలుము మాటున ఉన్న అక్షరాలు చదివితేనే ఏ చక్రవర్తి కాలానిదో తేలుతుంది. అక్కడి సజ్జా లేబర్ క్యాంపులో వంట చేసే మా ఊరి మల్లయ్య చేతికి దాన్నిచ్చి స్నానానికి వెళ్లాను. వచ్చేసరికి నాణెం కళ్లు చెదిరేలా మెరుస్తోంది.

“చింతపండు వెట్టి తోమిన అన్నా, ఇంట్ల ఇత్తడి చెంబు లెక్క!”

“అక్షరాలు యాడవాయెరా?”

“మురికితోనే వోయినయ్. ఖలాస్!”

చక్రవర్తి ముక్కు కూడా పోయింది. ఏ చక్రవర్తిదో ఇక ఎవరూ చెప్పలేరు.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. తోమింది నేను. “పాతది అన్నా, జర ఆగు, గట్ల రుద్దకు” అని చెయ్యి పట్టుకున్నవాడు మల్లయ్య.