రాయపూర్ వెళ్లొచ్చిన నా దరఖాస్తు

మొన్న మా మనవరాలు ఉద్యోగం కోసం తన గురించి తానే ఒక నిమిషం వీడియో తీసి పంపింది. అందరిలా కాగితం పంపితే ఎవరూ తల తిప్పి చూడరని, కొత్తగా ఆలోచించాలని నాకు వివరించింది. నేను బుద్ధిగా తల ఊపాను. ఊపుతూనే ఎటో వెళ్లిపోయాను. మబ్బులో మునిగిన సాలూరు ఘాటు రోడ్డూ, ఒక లారీ వెనక భాగమూ కళ్లముందుకొచ్చాయి. వయసులో ఉన్న రోజులు తలుచుకుంటే అందరికీ ఎవరెవరి ముఖాలో గుర్తొస్తాయట. నాకు గుర్తొచ్చేది లారీ వెనక పలక.

అరవయ్యో దశకం చివరి రోజులు. ఎస్సెల్సీ ప్యాసై రెండేళ్లుగా దరఖాస్తులు రాస్తున్నాను. దానివల్ల నా చేతిరాత మహా అందంగా తయారైంది, అంతకుమించి ఏమీ జరగలేదు. విజయనగరం దగ్గర మా పల్లెలో మా అయ్య గోగు పండించేవాడు. గోగు కట్టలు కుళ్లిన నీళ్లలో నడుములోతు నిలబడి నార ఒలవడమంటే ఏమిటో ఆ వాసన తెలిసినవారికి చెప్పనక్కర్లేదు, తెలియనివారికి చెప్పినా నమ్మరు. ఆ ఏడు గోగు కోతకొచ్చేలోగా ఉద్యోగం రాకపోతే నేనూ ఆ కుంటలో దిగాల్సిందేనని అయ్య తేల్చేశాడు.

"నీళ్లలో దిగితే నార వస్తాది. అర్జీ రాస్తే ఏటి వస్తాదిరా?" అన్నాడు. నేను మరో అర్జీ రాయడానికి కూర్చున్నాను.

సాలూరులో ఉన్న మా మేనమావ, అక్కడొక లారీల షావుకారుకు గుమస్తా కావాలని కబురు పెట్టాడు. వెళ్లి చూద్దును కదా, షావుకారు బల్ల కింద గోనెసంచి నిండా దరఖాస్తులు, ఒక్కటీ విప్పలేదు. ఆయన కాగితాలు చదివే మనిషి కాదు. అయితే, లోడెక్కాక ఏ సరుకు ఏ ఊరికో లారీ వెనక పలక మీద సుద్దముక్కతో రాసేవారు; షావుకారు ప్రతి లారీ వెనక్కీ వెళ్లి ఆ రాత మాత్రం వేలు పెట్టి మరీ చదివేవాడు. అంతే, నాకు జ్ఞానోదయమైంది. 'చింతపండు, రాయపూర్' అని రాసివున్న చోట, దాని కిందే నా పేరూ చదువూ రాసి, 'గుమస్తా పని ఇప్పించగలరు' అని ముగించి, దూరంగా నిలబడి నా భవిష్యత్తు కోసం ఎదురుచూశాను.

సరిగ్గా ఆ రోజే షావుకారు రామతీర్థం దర్శనానికి వెళ్లాడు. నా భవిష్యత్తు హారను కొట్టి ఘాటెక్కిపోయింది.

"ఒరే, అర్జీ పోస్టులో ఏస్తారు గాని, లారీకి రాసి ఒరిస్సా దాటిస్తార్రా? అక్కడ కలెక్టరు పనేటైనా సూసుకున్నావేటి?" అన్నాడు మావ.

ఆ తర్వాత పది రోజులు ఊరి చివర టీ బడ్డీ దగ్గరే కూర్చున్నాను. వాన పడుతూ ఆగుతూ ఉండేది. కొండల మీంచి మబ్బు దిగివచ్చేది, అందులోంచి ముందు చప్పుడు, తర్వాత రెండు దీపాలు, ఆ తర్వాత ఎంతో నెమ్మదిగా లారీ వచ్చేవి. ప్రతి లారీ నాదే అనిపించేది. అది దాటిపోయాక తడి రోడ్డు మీద చక్రాల గుర్తులు కాసేపు మెరిసి మాసిపోయేవి. అంత దిగులులోనూ ఎంత హాయిగా ఉండేదో. ఆ హాయికి టీ బడ్డీవాడు అరువివ్వడం కూడా ఒక కారణం కావచ్చు.

పదకొండో రోజున నా లారీ వచ్చింది. దాని వెనకే పరిగెత్తి ఆఫీసు చేరేసరికి షావుకారు వెనక పలక ముందు నిలబడివున్నాడు. వానకు నా పేరూ చదువూ కొట్టుకుపోయి, 'గుమస్తా పని ఇప్పించగలరు' అన్నది మాత్రం మిగిలింది. దాని కింద ఏవో ఒరియా అక్షరాలు. ఇంకా కింద ఎవరిదో చక్కని తెలుగు చేతిరాత: 'నేనూ ఖాళీయే బాబూ. బి.ఎ. ప్యాస్.'

"నా బండిని నోటీసు బోర్డు సేసినోడెవుడ్రా?" అని అరిచాడు షావుకారు. నేనేనన్నాను. ఆయన వినిపించుకోలేదు, ఆయన బాధ వేరు. "అది సరే, జీడిపప్పు బండి ఇంకా రాలేదేటి?"

"నిన్న మద్దేనమే ఘాటు దిగినాది బాబూ. డ్రైవరు అత్తోరి ఊరి మలుపు తిరిగినాది" అన్నాను నోరు జారి.

షావుకారు మొదటిసారి నా వైపు చూశాడు. "నీకెలా తెలుసు?"

"పది రోజులై రోడ్డు మీదే ఉన్నాను బాబూ. నాకింకేటి పనుంది?"

"మిగతా బండ్లు?"

ఏది ఎప్పుడు దిగిందో, ఏది ఎక్కడ ఆగిందో అన్నీ చెప్పాను. "రేపట్నించి రా" అన్నాడు. నా తెలివితేటలు వానకు కొట్టుకుపోయాయి. పనిలేకుండా కూర్చోవడమే నాకు పని ఇప్పించింది.

చేరిన రోజే, ఆ పలక తుడవబోతున్న క్లీనరును ఆపి, బి.ఎ. ప్యాసైన ఆయన రాతకు కింద 'ఇక్కడికి రండి, అడిగి చూద్దాం' అని మా ఆఫీసు గుర్తులు రాశాను. ఆ లారీ రాయపూర్ వెళ్లివచ్చింది. జవాబు లేదు. మరో నాలుగైదు ట్రిప్పులు రాశాను. వాన చారలు తప్ప ఏమీ రాలేదు.

ఇప్పుడు ఏ లారీ ఎక్కడుందో ఫోనులో చుక్క చూపిస్తుంది, రోడ్డు మీద ఎవరూ కాచుకు కూర్చోనక్కర్లేదు. ఉద్యోగాలు వెతుక్కునేవాళ్లు ఒకరికొకరు కనపడకుండానే పోటీ పడుతున్నారు. ఆ బి.ఎ. ఆయనెవరో, ఏ మజిలీలో ఆ సుద్దముక్క పట్టుకున్నాడో నాకు తెలియదు. పైనున్న నా మాట అరచేత్తో తుడిచేసి ఆ చోట తనది రాసుకోవచ్చు, అడిగేవాడు లేడు. తుడవలేదు. కింద మిగిలిన జానెడు చోటులో, కాస్త వంగి రాసుకున్నాడు.